గంగన్న స్తూపం

"గా ఫోన్ బంద్ చెయ్యి. రోత పుడుతాంది" అన్నాడు వీరబ్రహ్మం, బోటి కడుగుతూ.

రోత పుట్టింది బోటి వాసనకు కాదు. పాతికేళ్లుగా ప్రతి శుక్రవారం గల్ఫ్‌లో, రూవీలోని ఆ రూమ్‌లో బోటి కడిగేది ఆయనే. ఎంతమంది వచ్చినా, ఎంతమంది పోయినా ఆ డ్యూటీ మాత్రం ఆయన్ని వదల్లేదు. ఆయనకు రోత పుట్టించింది సంజీవ్ ఫోన్‌లోని వార్త. అడవిలోంచి వచ్చిన పెద్ద నాయకుడొకాయన తుపాకీ అప్పగించి, పోలీసు అధికారి కప్పిన శాలువాతో ఫొటోకు నవ్వుతున్నాడు.

"ముప్పయ్యేండ్లు పిల్లగాండ్లను ముంగటికి తోలి, ఇయ్యాల శాలువ కప్పిచ్చుకుంటాండు. థూ" అని సింకులో ఉమ్మాడు.

"అట్లనకు కాకా. మా పెదబాపు గా పార్టీలనే పాణమిచ్చిండు" అన్నాడు సంజీవ్.

"మొదలు మంచిగనే చేసిండ్రు. కైకిలి పైసలు పెంచిచ్చిండ్రు. దొర గడీ ముంగట చెప్పులిడిసే బాధ తప్పిచ్చిండ్రు. తర్వాత వాళ్లే దొరలైండ్రు. పెండ్లికి పర్మిషన్, పంచాయితికి పర్మిషన్. ఠాణల కుర్చీ బాగుచేసిండని వడ్లాయనను ఇన్ఫార్మర్ అన్నరు. కట్టేసి కొట్టి సంపిండ్రు. పోలీసోళ్లేమన్న తక్కువ తిన్నరా? అన్నలకు బువ్వ పెట్టినోళ్ల ఇండ్లు కాలవెట్టిండ్రు."

సంజీవ్ తలెత్తి చూశాడు. "వడ్లాయన ముచ్చట మా ఊరిది. కడపాయనవు, నీకెట్ల ఎరుక?"

"రూమ్‌ల మీవోళ్లు చెప్పుకుంటె ఇన్న" అన్నాడు వీరబ్రహ్మం.

ఆయన పాస్‌పోర్టులో ఊరు కడప జిల్లాది. మాట మాత్రం కరీంనగర్‌ది. ఇన్నేళ్లు తెలంగాణ వాళ్లతో కలిసి తిన్నాక మాట మారకుండా ఉంటుందా అని రూమ్‌లో అందరూ నవ్వేవారు. ఇండియాకు ఒక్కసారీ పోలేదు. ఎవరూ లేరట. రెండేళ్ల కింద కంపెనీకి హెల్పర్ కావాల్సి వస్తే, పట్టుబట్టి సంజీవ్‌కు వీసా తెప్పించింది ఆయనే.

ఫోన్ మోగింది. ఊరి నుంచి చెల్లెలు సుమలత వీడియో కాల్. ఎప్పటిలాగే వీరబ్రహ్మం కెమెరాకు చిక్కకుండా బాల్కనీలోకి వెళ్లిపోయాడు.

"అన్నా, పోలీసోళ్లు పెదబాపు స్తూపం కూలగొడుతాండ్రు. జేసీబీ వచ్చింది. బాపమ్మ దాని ముంగట కూసున్నది. లెవ్వకుంటె ఎత్తి జీపుల ఏస్తమంటాండ్రు. పొద్దుగాల బీపీ గోలి గూడ ఏసుకోలె."

తెరమీద పెదనాన్న స్తూపం రంగు వెలిసి కనిపించింది. 'కామ్రేడ్ గంగన్న' అన్న అక్షరాల కింద, మెట్టు మీద బంతిపూలు. వాటి పక్కన నానమ్మ కనకవ్వ, ముడుచుకుని కూర్చుని ఉంది.

ఆమె గుండెధైర్యం ఊరంతా చెప్పుకునే కథ. గంగన్న ఎన్‌కౌంటర్ అయిన రోజు ఆస్పత్రి వరండాలో ముఖం చితికిపోయిన శవాన్ని చూపించి 'నీ కొడుకేనా' అని పోలీసులు అడిగితే, ఒక్క చూపు చూసి 'నా కొడుకే' అందట. కన్నీటిచుక్క రాల్చలేదట. ఆనాటి నుంచి ఇంటిమీద పోలీసుల దాడులు ఆగిపోయాయి. ఏడుపంతా ఆ తర్వాత ఏడాదికోసారి వచ్చేది. స్తూపానికి పూలు పెట్టి, 'ఏ తల్లి కన్న బిడ్డవో' అని రాగం తీసి ఏడ్చేది.

"బాపమ్మా, నీకు దండం పెడుత, లెవ్వు" అన్నాడు సంజీవ్.

"ఈ పిల్లగాన్ని ఇడిసి నేను రాను."

"జేసీబీ మీదికొస్తె పాణం పోతదే."

"పోనీయ్. ఇప్పటికే ఎక్కువ బతికిన."

యంత్రం గుర్రుమంది. సుమలత ఏడుపు మొదలుపెట్టింది. అప్పుడు వీరబ్రహ్మం తడి చేతులు లుంగీకి తుడుచుకుంటూ లోపలికి వచ్చాడు.

"ఫోన్ ఇటియ్యి."

"నీకెందుకు కాకా?"

"ఆ పిల్లగాడు సచ్చింది నా వల్లనే" అన్నాడు వీరబ్రహ్మం. "వాన్ని అడవిల ఇడిసిపెట్టి నేను తప్పిచ్చుకొని ఒచ్చిన. తెల్లారి పోలీసోళ్లు చుట్టువెట్టిండ్రు."

సంజీవ్‌కు ఒక్కొక్కటీ అర్థమైంది. వడ్లాయన సంగతి ఎలా తెలుసో, కెమెరా అంటే ఎందుకు పారిపోతాడో, ముక్కూమొహం తెలియని తనకు వీసా ఎందుకు తెప్పించాడో. పాపపరిహారమన్నమాట. రెండేళ్లుగా ఈ చేతులు వండిన కూడు తిన్నందుకు సంజీవ్‌కు తన మీద తనకే అసహ్యం వేసింది.

"పట్టిచ్చింది నువ్వేనా?"

వీరబ్రహ్మం ఫోన్ లాక్కుని కెమెరాకు బొటనవేలు అడ్డం పెట్టాడు.

"అవ్వా, లెవ్వు. ఇన్నేండ్లు పూలు పెట్టినవ్, సాలు. రాళ్లు పోతె పోనీ. ఆ పిల్లగాని పాపం ఇగ నేను మోస్త. నువ్వు ఇంటికి పో, గోలి ఏసుకో."

అటువైపు యంత్రం చప్పుడు ఒక్కటే వినిపించింది. కాసేపటికి సుమలత గొంతు వచ్చింది.

"అన్నా, బాపమ్మ లేసింది. పూలన్ని ఒళ్లె వేసుకొని వస్తాంది."

వీరబ్రహ్మం ఫోన్ మంచం మీద పడేసి బాత్రూమ్‌లోకి వెళ్లి తలుపేసుకున్నాడు. నల్లా తిప్పిన చప్పుడు ఎంతకీ ఆగలేదు. ఆ తలుపు మీద ఉమ్మాలనిపించింది సంజీవ్‌కు.

"బాపమ్మా" అన్నాడు పళ్లు కొరుకుతూ. "మేం గింత బతిలాడితె ఇనలె. నీ కొడుకును సంపిచ్చినోని మాట ఎందుకిన్నవ్?"

కనకవ్వ ఫోన్ అందుకుని మనవరాలిని దూరంగా పొమ్మంది. పోలీసు జీపు వైపు ఒకసారి చూసి, ఫోన్‌ను నోటి దగ్గరికి తెచ్చుకుని గొంతు తగ్గించింది.

"నా కొడుకు లెవ్వమంటె లేవనా, బిడ్డా?"