సరంగు ముడి

"నీళ్లలోకి నోరు మూసుకుని దిగాలమ్మా" అన్నాడు పడవలో పెద్దాయన.

"నేనింకా దిగనేలేదు కదండీ!" అంది ఆమె.

"ఇప్పట్నుంచే అలవాటు చేసుకోండి."

ఆమెకి ఒళ్లు మండింది. మునిగిన ఓడ చూపించడానికి ఈ గొణుగుడు మనిషి తప్ప ఇంకెవరూ దొరకలేదా తనకి!

ఆమె బట్టలు కుడుతుంది. ముప్పయ్యో ఏట, చిన్నపిల్లలు కిసుక్కుమంటుంటే సిగ్గు చంపుకుని, ఏడాదిపాటు ఈత నేర్చుకుంది. అంతా ఈ ఓడ కోసమే.

ఓడ మూడు నిలువుల లోతులో, గోరువెచ్చని నీళ్లలో, ఒక పక్కకి ఒరిగి పడుకుని ఉంది.

దానికి సరంగు, అంటే చుక్కాని చక్రం పట్టే మనిషి, ఆమె నాన్న.

ఓడ ఇసుకమేట ఎక్కి మునిగిన రోజున ఆమెకి నాలుగేళ్లు. ఒడ్డు దగ్గరే కాబట్టి అందరూ బతికి బయటపడ్డారు. ఆయనొక్కడే తేలలేదు. విచారణకి వచ్చినవాళ్లు నీళ్లలోకి తొంగి కూడా చూడకుండా, 'సరంగు చక్రం వదిలేసి పారిపోయాడు' అని రాసి చేతులు దులుపుకున్నారు.

ఆ ఒక్క ముక్క, అమ్మని బతికినన్నాళ్లూ తలెత్తుకోనివ్వలేదు.

నిజంగా వదిలేశాడా? ఆ చక్రాన్ని ఒక్కసారి కళ్లారా చూడాలి. అంతే ఆమె కోరిక. తను ఎవరి కూతురో మాత్రం ఇక్కడ ఎవరికీ చెప్పలేదు. చెబితే ఎలా చూస్తారోనని భయం.

ఊపిరి బిగబట్టి దిగింది.

చప్పుళ్లన్నీ పైనే ఉండిపోయాయి. ఎండ ఆకుపచ్చగా కరిగి ఓడ మీద మెల్లగా ఊగుతోంది. కిటికీల్లోంచి పసుపు చేపలు చుట్టాలింటికొచ్చినట్టు తీరిగ్గా వస్తున్నాయి, పోతున్నాయి. ఒక మెట్ల వరస ఎక్కడికీ వెళ్లకుండా ఆగిపోయింది. ఆమెకి తన బరువు తనకే తెలియడం లేదు. ఇది కలేమో, లేస్తే అమ్మ పక్కనే ఉంటానేమో అనిపించింది.

పడవలో కాలీడ్చుకుంటూ నడిచిన పెద్దాయన నీళ్లలో చేపలాగే ఉన్నాడు. ఆమె చక్రం గది దగ్గరికి రాగానే చెయ్యి అడ్డం పెట్టాడు. తనొక్కడే లోపలికి దూరాడు.

ఆమె పైకి తేలి, గాలి పీల్చుకుని, మళ్లీ దిగింది. కిటికీలోంచి చూసింది. నీళ్లన్నీ బురదలా కలగిపోయి ఉన్నాయి. ఆయన చేతిలో కత్తి తళుక్కుమంది. దేన్నో కోసి చొక్కాలో దోపుకున్నాడు.

పడవెక్కగానే నిలదీసింది.

"లోపల ఏం కోశారు?"

"ఏం లేదమ్మా. పాతది."

"చొక్కాలో ఏముంది?"

"ఏం లేదన్నానుగా."

"మరి నన్నెందుకు వెళ్లనివ్వలేదు?"

"నీళ్లు తేటపడనివ్వండి. రేపు చూద్దురుగాని."

రేపటికి ఏం మిగులుస్తాడు, దొంగమొహం! నాన్న గదిలో ఉన్న కాస్తా ఊడ్చుకుపోతున్నాడు. ఆమెకి ఏడుపూ కోపమూ కలిసి వచ్చాయి.

పడవల ఆఫీసు ఒక్కటే గది. నీళ్లలో దిగేవాళ్లు కళ్లకి పెట్టుకునే నీటి అద్దాలు గోడకి వరసగా వేలాడుతున్నాయి. 'ఓడలో దేన్నీ ముట్టుకోరాదు' అని పెద్ద బోర్డు. దానికిందే కూర్చున్న ఓనరమ్మకి ఆమె ఉన్నదున్నట్టు చెప్పేసింది.

"కత్తి పట్టుకుని దిగావా తాతా?" అంది ఓనరమ్మ.

"దిగాను."

"ఎందుకు?"

పెద్దాయన ఆమె వంక, ముక్కూమొహం తెలియని ఆ బయటి మనిషి వంక, ఒకసారి చూశాడు. చొక్కా మీద చెయ్యి అదిమిపెట్టుకున్నాడు.

"అలా అయితే నేనేం చేసేది? నా లైసెన్సు పోతుంది తాతా. ఇంక పడవెక్కకు."

ఆయన తన నీటి అద్దాలు తీసి, తుడిచి, బల్లమీద పెట్టాడు. కాలీడ్చుకుంటూ వెళ్లిపోయాడు.

మర్నాడు నీళ్లు తేటపడ్డాయి.

ఆమె చక్రం గదిలోకి జారింది. అద్దంలో చూసినట్టు అన్నీ స్పష్టంగా ఉన్నాయి. ఇనుప చక్రం ఒడ్డు వైపుకి పూర్తిగా తిప్పి ఉంది. కదలకుండా ఒక ఊచని గోడ కొక్కేనికి తాడుతో కట్టేసి ఉంది.

ఆ ముడి చూసి ఆమె ఊపిరి సంగతే మరిచిపోయింది.

రెండు మెలికలు వేసి, కొసని వెనక్కి తిప్పి లోపలికి దోపిన ముడి. నాన్న అమ్మకి నేర్పాడు. అమ్మ దండెం అలాగే కట్టేది. తను బట్టల మూటలు ఇప్పటికీ అలాగే కడుతుంది. మరెక్కడా చూడలేదు.

పారిపోయేవాడు ముడి వేస్తూ కూర్చుంటాడా! కావాలనే ఓడని లోతు తక్కువకి మళ్లించి, చక్రం కట్టేసి వెళ్లాడు నాన్న.

కానీ తాడు కొత్తది. వేలితో రాస్తే పిసరంత నాచు కూడా లేదు. నిన్న చొక్కాలో దాచింది కుళ్లిన పాత తాడన్నమాట. నాన్న ముడినే అచ్చంగా కొత్త తాడుతో వేసి నిలబెట్టాడు ఆ పెద్దాయన.

పైకి ఎలా తేలిందో తెలియదు. తడిబట్టలతోనే ఆఫీసులోకి పరిగెత్తింది.

"ఆ పెద్దాయన ఎక్కడండీ?"

"తెల్లవారుజాము బస్సుకే వెళ్లిపోయాడు. ఏ ఊరో చెప్పలేదు."

"అసలెవరండీ ఆయన?"

"ఆ ఓడలోనే ఇంజను మనిషి" అంది ఓనరమ్మ, బల్లమీద నీటి అద్దాలు గోడకి తగిలిస్తూ. "ఓడ ఒరిగినప్పుడు కాలు ఇనుము కింద నలిగిందట. సరంగు చక్రం కట్టేసి దిగొచ్చి, కాలు విడిపించి, ఈయన్ని పైకి తోశాడట. ఆయన మాత్రం పైకి రాలేకపోయాడట పాపం. ఈయన నెత్తీనోరూ కొట్టుకుని చెప్పినా విచారణలో ఎవరూ నమ్మలేదు. 'ఎప్పటికైనా ఆ సరంగు మనుషులెవరో ఒకరు వస్తారమ్మా, వాళ్లకి చూపించాలి' అంటూ ఇరవై ఆరేళ్లుగా ఈ పడవ దిగలేదు."