మూడేళ్ల వేలిముద్రలు

"యావజ్జీవ శిక్ష పడిందని అతని భాషలో చెప్పమ్మా. దుబాసీ ఖర్చు సర్కారుదే," అన్నారు జడ్జిగారు.

బర్మా నుంచి తిరిగొచ్చినవాళ్లుండే బర్మా క్యాంపు విమలమ్మ బోను దగ్గరికి నడిచింది. పడవలో తోటివాణ్ణి చంపాడన్న కేసులో మూడేళ్లుగా వాయిదాలకు తిరుగుతున్న బర్మా జాలరి అందులో నిలబడి ఉన్నాడు. సాక్షులు మాట్లాడినన్నాళ్లూ దొరకని దుబాసీ తీర్పు రోజున దొరికింది.

రంగూన్ వదిలి ముప్పయ్యేళ్లు దాటినా ఆమెకు ఆ భాష పోలేదు. "బాగున్నావా నాయనా" అని అందులో పలకరించగానే అతని కళ్లు చెమ్మగిల్లాయి.

అంతలో గుమాస్తా తీర్పు నకలు, సిరా పెట్టె తెచ్చాడు. అడక్కుండానే బొటనవేలు చాపి, అతను నవ్వుతూ ఏదో అన్నాడు.

"ఏటంటన్నాడు?" అడిగాడు గుమాస్తా.

"ఇదే ఆఖరిదా అని అడుగుతన్నాడు బాబూ. ఇయ్యన్నీ తనని ఇంటికి పంపే కాయితాలనుకుని ఏలిముద్రలేసీసినాడంట."

జడ్జిగారు ఫైలు వెనక్కి తిప్పారు. నేరం ఒప్పుకున్న కాగితం కింద అదే వేలిముద్ర. ఫైలు మూసి, తలెత్తకుండానే, "చెప్పమ్మా" అన్నారు.

విమలమ్మ సిరా అంటకుండా ఆ వేలిని గుప్పిట్లో పట్టుకుంది.

"ఏ కాయితం కాడి నుంచి సెప్పమంటారు బాబూ?"