ముర్రా కడుపులో దూడ

మంఖాల్‌లో మొగులయ్యకు తన ముర్రా బర్రె తప్ప మిగతా పశువులేవీ కంటికి ఆనవు. విమానాశ్రయం వచ్చి భూముల ధరలు పెరిగినప్పుడు కొంత చెలక అమ్మి దాన్ని హర్యానా నుంచి తెప్పించాడు. అప్పటి నుంచి మనుషులతో కూడా తల ఎగరేసే మాట్లాడతాడు.

రాజేంద్రనగర్ నుంచి పశువుల డాక్టర్ శిరీష వచ్చి, ఒక ప్రయోగానికి ఆ బర్రె కావాలని అడిగింది. ఇక అతణ్ణి పట్టడం ఎవరి తరమూ కాలేదు.

శిరీష ఓపిగ్గా చెప్పింది. "కణం నడుమ కేంద్రకం ఉంటదన్నా. చుట్టూ పొర, పొరకు సన్నటి రంధ్రాలు. లోపల పోగులుంటయి. దూడ ఎట్లుండాలె, ఎన్ని పాలియ్యాలె, అంతా ఆ పోగులల్లనే. అవి బయటికి రావు, వాటి నకళ్లు బయటికొచ్చి పని చేయిస్తయి. మేం ఒక అండంల నుంచి కేంద్రకం తీసేసినం. ఎండలకు, రోగాలకు తట్టుకున్న ఒక మంచి బర్రె చెవిల నుంచి కేంద్రకం తెచ్చి దాంట్ల పెట్టినం. నీ బర్రె కడుపుల పెంచాలె."

"మంచి బర్రె అంటే హర్యానాదే ఉంటది. గిది నాకు చెప్పాల్నా మేడం?" అని ఆవులించాడు మొగులయ్య. ఆమె ఇంకేదో చెప్పబోతే చాయ్ తెమ్మని లోపలికి కేకేశాడు.

బర్రె చూలు కట్టింది. పక్కింటి దుర్గవ్వ రోజూ పచ్చగడ్డి తెచ్చి వేయసాగింది. ఆమెకున్న ఒక్క నాటు బర్రె ఆ ఎండాకాలమే శ్రీశైలం రోడ్డు మీద లారీ గుద్ది చచ్చిపోయింది.

"జున్ను మీద ఆశ పుట్టినట్టుంది," అన్నాడు మొగులయ్య, నలుగురికీ వినబడేట్టే. దుర్గవ్వ బర్రె కడుపు మీద చెయ్యి వేయబోతే కసురుకున్నాడు. "జర దూరం నిలబడు. గిది నీ నాటు సరుకు కాదు."

"ఊకె చూసి పోత పటేలా," అంది దుర్గవ్వ.

దూడ పుట్టింది. మొగులయ్య వాడంతా తిరిగి అందర్నీ పిలిచాడు. "ఆ కాళ్లు చూడుండ్రి, ఆ నిలబడుడు చూడుండ్రి. ఖాందాన్ అంటే గిది," అని మీసం దువ్వాడు. ఇంటింటికీ జున్ను పంపాడు, దుర్గవ్వ ఇంటికి తప్ప.

సాయంత్రం శిరీష వచ్చింది. దూడను చూసి, "దుర్గవ్వ ఏది?" అని అడిగింది.

"గామెతోని ఏం పని మేడం? పశువంటే ఏందో తెల్వని మనిషి."

శిరీష బయటికి వెళ్లి, దుర్గవ్వను చెయ్యి పట్టుకుని కొట్టంలోకి తీసుకొచ్చి, "సచ్చిన నీ నాటు బర్రె చెవిల నుంచి తీసిన కేంద్రకంతోనే పుట్టిందవ్వా ఈ దూడ, ఇగ తనివితీరా పట్టుకో," అంది.