కనబడని మంట

ఊరూవాడా హైడ్రోజన్ పొయ్యిలొచ్చాక విశాఖ రేవుపేటలో నూకరత్నానికి వంటంటేనే విసుగు పుట్టింది. పట్టపగలు ఆ మంట కంటికి ఆనదు. అందుకే వెలిగించినప్పుడల్లా చిటికెడు ఉప్పు చల్లి, పసుప్పచ్చగా భగ్గుమన్నాకే గిన్నె పెట్టేది.

ఆ చల్లడం తనిఖీకొచ్చిన ఆఫీసరు కంట పడింది.

"పొయ్యిలో ఉప్పా? పాలసీకి విరుద్ధం! కనెక్షన్ పీకేస్తాం."

"మరి మంట ఎలాగ కనబడతాది బాబూ?"

ఉప్పు మాడగానే మంట మాయమైంది. ఆరిందనుకుని ఆఫీసరు పొయ్యి మీద చెయ్యి పెట్టబోయాడు. చొక్కా అంటుకుంది. నూకరత్నం బిందెడు నీళ్లు గుమ్మరించింది.

అతను తడిసిన చొక్కాతోనే కూలబడ్డాడు. "ఎవరి దిష్టో తగిలిందమ్మా. కాస్త ఉప్పు తిప్పి పడెయ్యండి."

నూకరత్నం గుప్పెడు ఉప్పు తీసి ముమ్మారు తిప్పింది.

"ఇప్పుడిది ఎక్కడెయ్యమంటారు బాబూ? పొయ్యిలో వద్దన్నారు కదా, తమరి పాలసీలో ఎయ్యమంటారా?"