రూల్సులో లేని మాట

చేరిన మూడు రోజుల్లోనే కొత్త సభ్యుడు గ్రంథాలయ సిబ్బందిలో ముప్పాతిక వంతు మందిని బుట్టలో వేసుకున్నాడు. సిబ్బంది మొత్తం నలుగురే లెండి.

వాచ్‌మన్‌ని మోకాళ్ల నొప్పులెలా ఉన్నాయని అడిగితే చాలు. చిరిగిన పుస్తకాలు కుట్టే బైండరుకి, ఆయన కుట్టు పుస్తకం కంటే గట్టిదని చెబితే చాలు. అటెండరుకి అదీ అక్కర్లేదు. ఆయన నోట్లో నువ్వుగింజ నానదు, వినడానికి ఎదురుగా ఎవరో ఒకరుంటే సరి.

మిగిలింది కౌంటరు మేడం. రెండు నెలల కిందట బదిలీ మీద వచ్చింది. బెల్లం కొట్టిన రాయి అంటే ఏమిటో ఆవిణ్ని చూసి తెలుసుకోవచ్చు. పాఠకులు అడిగినదానికి జవాబు చెప్పాలని రూలుంది కాబట్టి చెబుతుంది. అంతకు మించి పెదవి కదపదు.

కొత్త సభ్యుడికి కావలసింది ఆ రూల్సులో లేని ఒక్క మాట. ఆవిడ నోటి నుంచి, తనతో. అందుకోసం రోజూ మధ్యాహ్నం అన్నం మానేసి మరీ ఆఫీసు నుంచి పరుగెత్తుకొస్తున్నాడు.

చేరిన రోజు సంగతి చూడండి.

“వయసు?” అంది మేడం, ఫారం మీంచి తలెత్తకుండా.

“నలభై ఏడండీ.”

“నలభై ఎనిమిది,” అని రాసుకుంది.

కొత్త సభ్యుడు గతుక్కుమన్నాడు. “అవునవును, మొన్ననే నిండాయి.”

“ఓరకంట చూసే చెప్పేస్తారండీ! మాటలేమో గానీ చూపు మాత్రం చూపే,” అని అటెండరు పొంగిపోయాడు.

“మీకు పూచీ ఉండేవాళ్లెవరు?”

“ఒకరున్నారనే అనుకుంటున్నానండీ.”

“అనుకుంటే చెల్లదు సార్. సంతకం కావాలి.”

చివరికి జిగురు చేతులు తుడుచుకుని బైండరు సంతకం పెట్టాడు.

మరుసటి వారం కొత్త సభ్యుడు ఫిర్యాదుల పుస్తకం అడిగి తీసుకున్నాడు. రాసిన ప్రతి ఫిర్యాదుకీ మూడు రోజుల్లో నోటిమాటగా జవాబివ్వాలట. ‘కౌంటరు దగ్గర నవ్వడం లేదు’ అని రాశాడు. సరిగ్గా మూడో రోజు జవాబొచ్చింది.

“నవ్వు మా సేవల జాబితాలో లేదు సార్.”

“ఆరు మాటలు!” అన్నాడు అటెండరు, వేళ్ల మీద లెక్కపెట్టి. “రెండు నెలలకి నాకు దక్కినవి నాలుగే సార్. అందులో రెండు ‘ఊఁ’లు.”

కొత్త సభ్యుడు మాత్రం సంతోషించలేదు. ఆ ఆరూ రూలు ప్రకారం వచ్చినవే కదా. ఇక తాడో పేడో తేల్చుకుందామని మర్నాడు తిన్నగా కౌంటరు దగ్గరికే వెళ్లాడు.

“నోరు జారి అనేసిన మాటని వెనక్కి తీసుకోవడం ఎలాగో చెప్పే పుస్తకం ఏదైనా ఉందాండీ?”

మేడం మొదటిసారి తలెత్తి చూసింది.

“మేం పుస్తకాలే వెనక్కి తీసుకుంటాం సార్. మాటలు తీసుకోం.”

“అబ్బ, ఏం చెప్పారండీ!” అని అటెండరు తొడ చరిచాడు. కొత్త సభ్యుడికి మాత్రం కళ్లలో నీళ్లు తిరిగాయి. చేతికేది తగిలితే అది తీసుకుని వెళ్లిపోయాడు. అది కోళ్ల పెంపకం మీద లావుపాటి పుస్తకం.

గేటు దగ్గర వాచ్‌మన్ ఆపాడు.

“మర్యాదస్తుల్లా ఉన్నారని ఊరుకుంటున్నా సార్. మేడం గారు ఒక్కమాట చెబితే మిమ్మల్ని బయటికి పంపాల్సింది నేనే.”

“చెప్పిందా?”

“లేదు. అదే నాకూ అర్థం కావట్లేదు.”

గురువారం నాడు కొత్త సభ్యుడు ఎర్రగా కందిన ముక్కుతో వచ్చాడు. కుర్చీలో కూర్చుంటూనే తుమ్మాడు. మేడం గోడ మీది బోర్డుకేసి వేలు చూపించింది: ‘నిశ్శబ్దం పాటించండి.’

రెండోసారి తుమ్మాడు. వేలు కింది వరసకి దిగింది: ‘మూడుసార్లు భంగం కలిగించినవారి సభ్యత్వం రద్దు.’

గ్రంథాలయమంతా ఆయన ముక్కునే చూస్తోంది. అటెండరు తన ముక్కు గట్టిగా పట్టుకున్నాడు. ఏం చెయ్యాలో తోచక వాచ్‌మన్ పరుగెత్తి గేటు మూసేశాడు. బైండరు అట్టలకి వేసే గుడ్డ ముక్క తెచ్చి ముక్కుకి అడ్డం పెట్టాడు. దానికంటిన జిగురు ఘాటే కొంప ముంచింది. మూడో తుమ్ముకి బల్ల మీది ఇవాళ్టి పేపర్లు లేచి నిన్నటి పేపర్ల మీద పడ్డాయి.

మేడం కుర్చీలోంచి లేచింది.

“కార్డు.”

ఇచ్చాడు. ‘రద్దు’ అని ముద్ర గుద్ది సొరుగులో పడేసింది.

ఇక ఆయన సభ్యుడు కాడు. ఆయనతో ఒక్క ముక్కైనా మాట్లాడమని ఆవిడకి ఏ రూలూ చెప్పదు. ఉన్న ఆ కాస్త దారీ మూసుకుపోయింది. కొత్త సభ్యుడు తల వంచుకుని గుమ్మం దాకా నడిచాడు. అటెండరు పక్కకి జరిగి దారిచ్చాడు.

“ఏమండీ,” అని వెనక నుంచి పిలిచింది మేడం, “రాత్రికి మంచం వరండాలోంచి తీసి మన గదిలోనే వేసుకోండి, మీ జలుబు చూడలేక అత్తయ్యగారు నా ప్రాణం తోడేస్తున్నారు.”