కోళ్లను పడుకోబెట్టే బాబాయి

దిక్కులేనివాళ్లను చర్చి ఆదరించే ఈ పొలంలో కోళ్లను పడుకోబెట్టే పని బాబాయిది. జుట్టు నెరిసినా మనసు పసివాడిదే. రాత్రి ప్రార్థన అయ్యాక షెడ్డులోకెళ్లి, ఒక్కో కోడి వీపూ నిమిరి, "పడుకోమ్మా, తెల్లారాక లేద్దువు" అనేవాడు. చివర్లో నాకూ అదే మాట చెప్పేవాడు.

మొన్న ఆదివారం బాబాయిని సమాధి చేశాం. అప్పట్నుంచీ ఆ కోళ్లు నా మాట ఖాతరు చేస్తే ఒట్టు.

ఈ రాత్రి టార్చి పట్టుకుని వెళితే బయట ఒక్క కోడీ లేదు.

"కోళ్లనెవరు లోపలికి తోలారే?" వంటమనిషిని కేకేసి అడిగాను.

"ప్రార్థనలోంచి ఎవరూ లేవలేదుగా అక్కా."

షెడ్డు తలుపు నెట్టాను. లోపల్నుంచి గడియ పెట్టి ఉంది. చెవి ఆనించాను. మెల్లటి గొణుగుడు ఒక్కో కోడి దగ్గరా ఆగుతూ తలుపు వైపు వస్తోంది. చివరి కోడి కూడా సద్దుమణిగింది.

ఇక నా వంతు.