పిచ్చుకకి ప్రాణమైనది

"దాని మీద చెయ్యి వేశావంటే ఊరుకోను!" అంటూ అమ్మమ్మ ఆక్సిజన్ మిషన్‌కి అడ్డంగా చతికిలబడింది.

మిషన్ తీసుకుపోవడానికి వచ్చినతను బిక్కమొహం వేశాడు. "డాక్టరుగారు ఇక అక్కర్లేదన్నారంట కదా పెద్దమ్మా?"

"ముక్కు దగ్గర గొట్టం అక్కర్లేదన్నాడు. ఆ రొద లేందే మా పిచ్చుక నిద్రపోతుందా? వారం బట్టీ ఉత్తినే ఆడిస్తున్నా దీన్ని."

"అమ్మా, నువ్వు లే ముందు!" పిచ్చుక తల్లి గొంతు పెంచింది. "పద్నాలుగు నెలలుగా గుయ్యిమంటూ నా చెవులు తినేసింది. కట్టేసిన దూడలా నా బిడ్డ ఆ గొట్టం చివరే పడుంది. పోనీ దాన్ని!"

ఏడో నెల నిండకుండానే పుట్టింది పిచ్చుక, అరచేతిలో పట్టేంత; అందుకే ఆ ముద్దుపేరు. ఊపిరితిత్తులు అప్పటికింకా ఎదగలేదు. తన ఈడు పిల్లలు పరిగెత్తి పడి మోకాళ్ళు చెక్కుకుంటుంటే, ఇది చాప మీద బోర్లా పడి చూస్తూ ఉండేది.

"ఊపిరి తియ్యడానికే ఒంట్లో సత్తువంతా సరిపోయింది, ఇంక కాళ్ళూ చేతులూ ఎలా ఆడతాయమ్మా?" అంది వ్యాయామాలు నేర్పే ఫిజియో అమ్మాయి. "ఇప్పుడు కుదుటపడింది. దానికి ప్రాణమైనదేదో కాస్త దూరంగా పెట్టండి. అదే కదుల్తుంది."

గిలక్కాయ పెట్టారు. అద్దం పెట్టారు. ఎర్ర గిన్నె పెట్టారు. పిచ్చుక చూసేది, నవ్వేది, కదిలేది కాదు. "అయ్యో నా తల్లి!" అంటూ అమ్మమ్మే తీసి దాని చేతికిచ్చేసేది.

చివరికి తల్లే వెళ్ళి చాప అవతల కూర్చునేది. నాకన్నా ప్రాణమైందేముంది దానికి? రోజూ చేతులు చాచి "రా నాన్నా, రా" అని పిలిచేది, భుజాలు లాగేసేదాకా.

అమ్మమ్మ గొణుక్కుంటూ లేచింది. అతను స్విచ్ కట్టేశాడు. ఇల్లంతా ఒక్కసారిగా మూగబోయింది. చక్రాలు గరగరమంటూ గుమ్మం వైపు దొర్లాయి.

"అమ్మడూ! చూడవే, చూడు!" అమ్మమ్మ కూతుర్ని కేకేసింది.

చాప మీద పిచ్చుక తలెత్తింది. ఒక మోచెయ్యి ముందుకు పడింది. తర్వాత రెండోది. పొట్ట ఈడ్చుకుంటూ చాప దిగింది.

తల్లి చాపకీ గుమ్మానికీ మధ్య మోకాళ్ళ మీద కూలబడి చేతులు చాచింది. "రా నాన్నా! అమ్మ దగ్గరికి రా!"

"ఎవరూ తుమ్మకండి" అంది అమ్మమ్మ గుసగుసగా. మిషన్‌తో అతనూ గుమ్మంలోనే ఆగిపోయాడు.

ఒక జాన. ఇంకో జాన. ఆయాసం లేదు, రొప్పు లేదు. తల్లి కళ్ళు నిండిపోయి బిడ్డ మసగ్గా కనబడుతోంది. వేళ్ళకి తగిలేంత దగ్గరకొచ్చేసింది.

చాచిన ఆ చేతుల పక్కనుంచే పాక్కుంటూ పోయి, పిచ్చుక గుమ్మంలో ఆగిన మిషన్ చక్రం పట్టుకుని, చప్పుడాగిన దాని పొట్టకి చెవి ఆనించింది.